బరువైన నక్షత్రాల పుట్టుక మీద పని: అనంతపురం వచ్చినప్పుడల్లా నన్ను అడిగే ప్రశ్నలు

పెళ్లికి వెళ్లినా, బస్సులో పక్క సీటువాళ్లతో మాట కలిసినా, ఏదైనా కాలేజీలో మాట్లాడమని పిలిచినా దాదాపు ఇవే ప్రశ్నలు. ఒక్కొక్కరికీ వాట్సాప్‌లో టైప్ చేసే ఓపిక లేక అన్నీ ఒకచోట రాసి పెడుతున్నా. వరసగా చదవాల్సిన పని లేదు, మీకు కావాల్సింది చూసుకోండి. కొన్నిటికి జవాబు పొడుగు, కొన్నిటికి ఒక్క ముక్క.

ఇంతకీ నువ్వు చేసే పనేంది?

ఆకాశంలో గ్యాసు, దుమ్ము కలిసిన చల్లటి మబ్బులుంటాయి. నక్షత్రాలు వాటిలోనే పుడతాయి. అట్లా పుట్టేవాటిలో బాగా బరువైనవి ఏ పద్ధతిలో పుడతాయో కనుక్కోవడం నా పని. రేడియో, ఇన్‌ఫ్రారెడ్ టెలిస్కోపులతో ఆ మబ్బుల్ని గమనిస్తాం, వచ్చిన డేటాను కంప్యూటర్లో శుభ్రం చేస్తాం, లెక్కలు కడతాం, పేపర్లు రాస్తాం. నేను ఇస్రోలో లేను. నాసాలో అసలే లేను. రాకెట్లు ఎగరేయడం నాకు రాదు. ఈ సంగతి మా చిన్నాన్నకు చాలాసార్లు చెప్పాను, ఆయన ఇప్పటికీ ఎవరికైనా పరిచయం చేసేటప్పుడు "మా అన్న కూతురప్పా, ఇస్రో" అనే అంటాడు.

బరువైన నక్షత్రం అంటే ఎంత బరువు?

సూర్యుడికి ఎనిమిది రెట్లు, ఆ పైన. ఎనిమిది దగ్గరే గీత ఎందుకంటే, సుమారుగా ఆ బరువు దాటినవి చివరికి సూపర్‌నోవాగా పేలతాయి, వెనక న్యూట్రాన్ నక్షత్రమో బ్లాక్ హోలో మిగులుతుంది. ఆ లోపు ఉన్నవి, మన సూర్యుడితో సహా, పైపొరలు వదిలేసి చప్పుడు లేకుండా ఆరిపోతాయి.

పిల్లలు ఇక్కడ ఒక మంచి ప్రశ్న అడుగుతారు: ఇరవై రెట్లు బరువుంటే ఇంధనం కూడా ఇరవై రెట్లు ఉన్నట్టే కదా, అంటే ఎక్కువ కాలం బతకాలి కదా అని. బతకదు. ఇంధనం ఇరవై రెట్లే, కానీ వెలుగు నలభై యాభై వేల రెట్లు. మన సూర్యుడి ఆయుష్షు వెయ్యి కోట్ల ఏళ్లనుకుంటే, దానిది కోటి ఏళ్లు కూడా కష్టమే.

చిన్నవాటిని వదిలేసి వీటి వెంటే ఎందుకు పడ్డారు?

ఎందుకంటే ఉన్నవి కొన్నే అయినా పెత్తనమంతా వాటిదే. వెయ్యి నక్షత్రాలు పుడితే వాటిలో ఈ కోవకు చెందినవి పదికి లోపే. అయినా ఆ కొద్ది నక్షత్రాలు చుట్టూ ఉన్న గ్యాసును అతినీల కిరణాలతో పది వేల డిగ్రీలకు వేడెక్కించి, తాము పుట్టిన మబ్బునే చెదరగొట్టేస్తాయి. ఆ మబ్బులో ఇంకెన్ని నక్షత్రాలు పుట్టాలో, ఎక్కడ ఆగిపోవాలో చాలావరకు అవే తేలుస్తాయి. చివర్లో పేలినప్పుడు తమలో తయారైనదంతా గెలాక్సీలోకి వెదజల్లుతాయి. మీరు ఇప్పుడు పీల్చిన ఆక్సిజన్‌లో చాలా భాగం ఎప్పుడో ఇట్లాంటి నక్షత్రాల్లో తయారైందే.

ఇంకో కారణం కూడా ఉంది, అది కొంచెం స్వార్థం. సూర్యుడి లాంటి చిన్న నక్షత్రాల పుట్టుక కథ ఒక దారికి వచ్చింది. వీటి కథ ఇంకా రాలేదు. దారికి రాని చోట పని చేస్తే మజా ఎక్కువ.

పుట్టడమే కదా, అందులో అంత తెలియనిదేముంది?

ఇదే అసలు ప్రశ్న, కాబట్టి కాస్త ఓపిక పట్టండి.

చిన్న నక్షత్రం సంగతి ముందు. మబ్బులో ఒక చోట గ్యాసు చిక్కబడి తన బరువుకు తానే లోపలికి కుంగుతుంది. తిరుగుతూ కుంగుతుంది కాబట్టి చుట్టూ ఒక పళ్లెం ఏర్పడుతుంది, ఆ పళ్లెంలోంచి గ్యాసు నెమ్మదిగా మధ్యలోకి జారుతుంది. గ్యాసు వచ్చి పడటం దాదాపు అయిపోయాక, లోపల వేడి సరిపడా పెరిగి హైడ్రోజన్ మండటం మొదలవుతుంది. ఒకటి ముగిశాక ఇంకొకటి. పేచీ లేదు.

బరువైన నక్షత్రానికి అంత తీరిక ఉండదు. దాని గర్భం ఎంత తొందరగా కుంచించుకుపోతుందంటే, బయట గ్యాసు ఇంకా వచ్చి పడుతూనే ఉంటుంది, లోపల హైడ్రోజన్ అప్పటికే అంటుకుంటుంది. అంటే పెరుగుతూ ఉండగానే వేల సూర్యుల వెలుగు. వెలుగుకు కూడా తోసే బలం ఉంటుంది. అది గ్యాసును నేరుగా పెద్దగా తోయదు, గ్యాసులో కలిసి ఉన్న దుమ్మును తోస్తుంది. మన కళ్లంలో తూర్పారబట్టేటప్పుడు గాలికి పొట్టు ఎగిరిపోతుంది, గింజ కింద పడుతుంది కదా. ఇక్కడ చిక్కేమిటంటే గింజ పొట్టుకు అతుక్కుని ఉంది, పొట్టుతో పాటు గింజ కూడా ఎగిరిపోతుంది. అంటే తన మేతను తన వెలుగే తరిమేస్తుందన్నమాట. 1974లో మాంచెస్టర్‌లో ఫ్రాంజ్ కాన్ ఈ లెక్క కట్టి, అన్ని వైపుల నుంచి సమానంగా గ్యాసు పడుతుందనుకుంటే నక్షత్రం సూర్యుడికి సుమారు 40 రెట్ల దగ్గర ఆగిపోవాలని తేల్చాడు. ఆకాశంలో చూస్తే అంతకు మించినవి ఉన్నాయి. వంద రెట్లు దాటినవీ ఉన్నాయి. లెక్క తప్పనాలా, ఆకాశం తప్పనాలా?

చిక్కు విప్పిన కొస "అన్ని వైపుల నుంచి" అన్న మాటలో దొరికింది. గ్యాసు అన్ని వైపుల నుంచి రాదు, పళ్లెం గుండా వస్తుంది. పళ్లెం మందంగా ఉంటుంది కాబట్టి వెలుగు దాన్ని చీల్చుకుని పోలేక పైనుంచీ కిందనుంచీ బయటపడుతుంది, అడ్డంగా గ్యాసు రావడం ఆగదు. 2002లో హెరాల్డ్ యార్క్, సోన్హాల్టర్ దీన్ని కంప్యూటర్లో చూపించారు. 2009లో మార్క్ క్రుమ్‌హోల్జ్ బృందం మూడు కొలతల్లో అదే పని చేస్తే ఒకటి కాదు, రెండు నక్షత్రాలు వచ్చాయి: ఒకటి సూర్యుడికి 40 రెట్లు దాటింది, రెండోది 30కి కాస్త తక్కువ. ఈ రెండోది రావడం నాకు బాగా నచ్చిన విషయం, ఎందుకంటే నిజం ఆకాశంలో కూడా ఈ బరువైనవి ఒంటరిగా ఉండటం అరుదు, జంటలుగానే ఎక్కువ కనిపిస్తాయి.

కంప్యూటర్లో సరే, నిజం పళ్లేలు ఉన్నాయా అంటే, ఉన్నాయి. చిలీలోని అటకామా ఎడారిలో 5,000 మీటర్ల ఎత్తున 66 యాంటెన్నాలతో ఆల్మా అనే టెలిస్కోపు ఉంది. అది వచ్చాక ఇట్లాంటి పళ్లేలు ఒక్కొక్కటే బయటపడ్డాయి. 2023లో అయితే మన గెలాక్సీలో కూడా కాదు, సుమారు 1,60,000 కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న పెద్ద మెగెల్లానిక్ మేఘంలో ఒక బరువైన పసినక్షత్రం చుట్టూ తిరుగుతున్న పళ్లేన్ని పట్టుకున్నారు.

మరి అయిపోయింది కదా, ఇంకా ఏం మిగిలింది?

అయిపోలేదు. పళ్లెం నుంచి నక్షత్రంలోకి ఎట్లా వస్తుందో తెలిసింది; పళ్లెంలోకి అంత సరుకు ఎక్కడి నుంచి వస్తుందన్నది ఇంకా తగవే. 2002లో మెకీ, టాన్ చెప్పిన దాని ప్రకారం, మొదటే ఒక పెద్ద చిక్కటి ముద్ద తయారై ఉంటుంది, అది మొత్తంగా కుంగి సుమారు లక్ష ఏళ్లలో నక్షత్రమవుతుంది. ఇయన్ బాన్నెల్, ఆయనతో పనిచేసినవాళ్లు చెప్పేది వేరు: మొదట అన్నీ చిన్నవే పుడతాయి, గుంపు నడిమధ్య ఉన్నవి చుట్టూ ఉన్న గ్యాసును ఎక్కువ లాగేసుకుని బలుస్తాయి. ఇప్పుడు మూడో మాట బలంగా వినిపిస్తోంది. మబ్బులో పొడుగాటి గ్యాసు పోగులు ఉంటాయి, అవి కొన్ని ఒకచోట కలుస్తాయి, ఆ కూడలికి పోగుల వెంబడి గ్యాసు కాలువ కట్టి పారుతుంది, బరువైనవి అక్కడ పుడతాయి అని. నా ఓటు ఈ మూడోదానికే, కనీసం నేను చూసిన మబ్బుల వరకు. మొదటిదాన్ని పూర్తిగా కొట్టేయడం కూడా తొందరపాటే అనుకుంటా. దీని మీద కాన్ఫరెన్సుల్లో టీ బ్రేకుల్లో జరిగే వాదన చూస్తే మన రచ్చబండ నయం.

ఇంకో ముచ్చట: గ్యాసు పడటం కూడా నిలకడగా ఉండదు. 2015లో ఒరాయన్, మిథునరాశి సరిహద్దు దగ్గర ఎస్255 అనే చోట సూర్యుడికి ఇరవై రెట్లున్న పసినక్షత్రం ఉన్నట్టుండి భగ్గుమంది. అదే ఏడాది వృశ్చికంలో ఎన్‌జీసీ 6334లో ఇంకొకటి. ఒకేసారి పెద్ద ముద్ద మీద పడటంతో వచ్చిన మంట అది. లక్ష ఏళ్ల కథలో ఒక సంఘటన మన కళ్లముందే జరిగిందన్నమాట, అట్లాంటివి అరుదు.

దుమ్ములో కనిపించవు అంటారు, మళ్లీ చూశామంటారు. ఏది నిజం?

రెండూ. కంటికి కనిపించే వెలుగు ఆ దుమ్మును దాటి రాదు. ఇన్‌ఫ్రారెడ్ కొంత దాటుతుంది, రేడియో దాదాపు పూర్తిగా దాటుతుంది. అందుకే మా పనంతా ఆ రెంటితోనే.

మబ్బు చల్లదనం సున్నాకు దిగువన 255, 260 డిగ్రీలు. అందులో అన్నిటికన్నా ఎక్కువగా ఉండే హైడ్రోజన్ అణువు ఆ చలిలో నోరు విప్పదు. కాబట్టి పక్కనున్నవాళ్లను అడగాలి. కార్బన్ మోనాక్సైడ్ 2.6 మిల్లీమీటర్ల దగ్గర పలుకుతుంది, అంటే ఆ పొడవున్న రేడియో తరంగాలు వదులుతుంది, దాన్నిబట్టి మబ్బు ఎంత దూరం పరచుకుందో, ఎంత వేగంగా కదులుతోందో తెలుస్తుంది. అమ్మోనియా 1.3 సెంటీమీటర్ల దగ్గర పలుకుతుంది, దాంతో వేడి కొలుస్తాం. ఇంకా మెథనాల్: 1991లో కార్ల్ మెంటెన్ 6.7 గిగాహెర్ట్జ్ దగ్గర దాని మేసర్ కిరణాన్ని, అంటే రేడియోలో లేజర్ లాంటిదాన్ని, కనిపెట్టాడు. అది వినిపించిందంటే అక్కడ బరువైన పసినక్షత్రం ఉన్నట్టే లెక్క, చిన్నవాటి దగ్గర వినిపించదు. ఎస్255 మంటను ముందు పసిగట్టింది కూడా ఈ మెథనాలే.

ఈ పనిలో మన హైదరాబాదుకూ చోటుంది. దూరపు ఇన్‌ఫ్రారెడ్ కిరణాలు నేల మీదికి రావు, గాలిలోని తేమ మింగేస్తుంది. ముంబై టాటా ఇన్‌స్టిట్యూట్ (టీఐఎఫ్‌ఆర్) వాళ్లు ఒక మీటరు టెలిస్కోపును పెద్ద బెలూన్‌కు కట్టి హైదరాబాదు నుంచి ఎగరేసి, బరువైన నక్షత్రాలు పుట్టే చోట్లను ఆ కిరణాల్లోనే మ్యాపులు గీశారు. హెర్షెల్ లాంటి ఉపగ్రహాలు తర్వాత వచ్చాయి. ఈ సంగతి మనవాళ్లలో చాలామందికి తెలియదు, తెలియాలి.

ఒక నక్షత్రం పుట్టడానికి లక్ష ఏళ్లు పడితే, మీరు ముప్పై ఏళ్లలో ఏం చూస్తారు?

ఒక్కదాన్నే పట్టుకుని కూర్చోం. కొన్ని మబ్బులు ఇంకా నల్లగా, చల్లగా ఉంటాయి. కొన్నిట్లో లోపల వేడి మొదలై ఉంటుంది. కొన్నిట్లో మేసర్ పలుకుతుంటుంది, కొన్నిట్లో నక్షత్రం వెలిగి చుట్టూ వేడి గ్యాసు బుడగ కట్టి ఉంటుంది. ఇట్లాంటివి వందల కొద్దీ పోగేసి వరసలో పెడతాం. ఏ దశలో ఎన్ని దొరికాయో చూస్తే, ఏ దశ ఎంత కాలం నడుస్తుందో అంచనా వస్తుంది. ఎక్కువ దొరికిన దశ ఎక్కువ కాలం నడిచేదన్నమాట. వరస పెట్టడంలోనే అసలు గొడవలన్నీ.

రాత్రంతా టెలిస్కోపులో కన్ను పెట్టి కూర్చుంటారా?

లేదు. నేను వాడే టెలిస్కోపుకు కన్ను పెట్టే చోటే ఉండదు. పుణె దగ్గర నారాయణగావ్ పక్కన ఖోడద్‌లో జీఎంఆర్‌టీ అనే రేడియో టెలిస్కోపు ఉంది. ఒక్కొక్కటి 45 మీటర్ల వెడల్పుతో 30 డిష్‌లు. 14 మధ్యలో ఒక చదరపు కిలోమీటరులో, మిగతా 16 మూడు చేతులుగా పొలాల మధ్య దూరంగా. దగ్గరికి వెళ్లి చూస్తే ఆశ్చర్యమేస్తుంది, డిష్ అంటే రేకు ఉండదు, సన్నటి స్టీలు తీగల వల. పొడుగు తరంగాలకు ఆ వల సందులు కనిపించవు, అవి అద్దం మీద పడ్డట్టే వెనక్కి తిరుగుతాయి. గాలి మాత్రం సందుల్లోంచి దూసుకుపోతుంది, కాబట్టి అంత పెద్ద డిష్‌కు తక్కువ ఇనుము సరిపోయింది, ఖర్చు తగ్గింది. దాన్ని కట్టించిన గోవింద్ స్వరూప్ గారి తెలివి అది.

కంట్రోల్ రూములో జరిగేది ఇదీ. మొదట 3సీ 48, 3సీ 286 లాంటి, ఎంత ప్రకాశం ఉందో బాగా తెలిసిన ఒకదాని మీద డిష్‌లన్నీ తిప్పుతారు. తర్వాత మన మబ్బు. ప్రతి అరగంటకోసారి పక్కనే ఉన్న ఇంకో తెలిసిన చుక్క మీదికి తిప్పి, మళ్లీ మబ్బు మీదికి. పైన అయనోస్ఫియర్ అనే గాలి పొర మారుతూ ఉంటుంది, ఆ తేడా సరిచేయడానికి ఈ తిప్పలు. తెర మీద సీ, ఈ, ఎస్, డబ్ల్యూ అక్షరాలతో డిష్‌ల పేర్లు, ఒక్కోదానికి ఒక్కో గీత. అర్ధరాత్రి రెండింటికి ఏదో ఒక గీత పడిపోతుంది, ఆపరేటరు ఫోను తీస్తాడు, ఈలోగా మీరు టీ తాగుతూ నిద్ర ఆపుకుంటారు. మొబైల్ మాత్రం ఆఫ్ చేసి పెట్టాలి, అది అక్కడ పాపం కింద లెక్క. ఇప్పుడు చాలా టెలిస్కోపులు దూరం నుంచే నడుస్తున్నాయి. లడాఖ్‌లోని హాన్లేలో 4,500 మీటర్ల ఎత్తున ఉన్న హిమాలయన్ చంద్ర టెలిస్కోపును బెంగుళూరు పక్కన హోసకోటెలో కూర్చుని తిప్పుతారు.

తక్కువ ఫ్రీక్వెన్సీలో జీఎంఆర్‌టీ మాకెందుకంటే, పసినక్షత్రాలు రెండు వైపులా గ్యాసును జెట్‌లా చిమ్ముతాయి. వేడి గ్యాసు వెలుగు తక్కువ ఫ్రీక్వెన్సీలో సన్నగిల్లుతుంది. అయస్కాంత క్షేత్రంలో చిక్కి పరుగులు తీసే ఎలక్ట్రాన్ల వెలుగు మాత్రం పెరుగుతుంది. ధనుస్సులోని హెచ్‌హెచ్ 80-81 అనే పెద్ద జెట్‌ను ఇట్లాగే చూశారు. ఒకే జెట్‌లో రెండు రకాల వెలుగు విడదీయాలంటే ఇట్లాంటి టెలిస్కోపు తప్పదు.

మిగతా రోజుల్లో?

కంప్యూటర్ ముందు. చెడిపోయిన డేటా తీసేయడం, దాన్ని ఫ్లాగింగ్ అంటాం, దానికే వారాలు పోతాయి. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాసిన కోడ్‌లో ఏదో పగులుతుంది, దాన్ని బాగుచేయడం. విద్యార్థుల డ్రాఫ్టులు దిద్దడం. ఇంకా టెలిస్కోపు టైము కోసం దరఖాస్తులు. ఆల్మా, జేమ్స్ వెబ్ లాంటివాటికి ఉన్న టైముకు చాలా రెట్లు అడుగుతారు, కాబట్టి ఎక్కువమందికి "లేదు" అనే వస్తుంది. ఒకసారి ఒక పెద్ద టెలిస్కోపు కమిటీ "విషయం ఆసక్తికరం, కానీ ఇంకా ఎక్కువ చోట్లు చూడాలి" అని తిప్పి పంపింది. మరుసటి ఏడాది ఎక్కువ చోట్లు పెట్టి పంపితే "ఇన్ని చోట్లెందుకు" అంది. అలవాటైపోతుంది.

మన జిల్లాలో వానే పడదు కదా, ఆ టెలిస్కోపేదో ఇక్కడే పెట్టొచ్చు కదా?

ఈ ప్రశ్న అడిగినవాళ్లంతా రైతులే, అందులో కొంచెం ఎత్తిపొడుపు కూడా ఉంటుంది. వాన పడకపోవడం వేరు, గాలిలో తేమ లేకపోవడం వేరు. జూన్, జులైలో మనకు మబ్బు పడుతుంది, వాన కురవదు, కానీ ఆ తేమంతా నెత్తి మీదే ఉంటుంది. ఇన్‌ఫ్రారెడ్‌నూ మిల్లీమీటరు తరంగాలనూ మింగేది ఆ తేమే. అందుకే 4,500, 5,000 మీటర్లు ఎక్కాలి. అనంతపురం ఎత్తు 350 మీటర్లు. పైగా వేసవిలో దుమ్ము.

మనకు ఒక లాభం ఉంది. మనం భూమధ్యరేఖకు దగ్గర, సుమారు 14.7 డిగ్రీల అక్షాంశంలో ఉన్నాం. బరువైన నక్షత్రాలు ఎక్కువగా పుట్టే గెలాక్సీ నడిభాగం ధనుస్సు, వృశ్చికం వైపు ఉంటుంది. పోస్ట్‌డాక్ కోసం, అంటే పీహెచ్‌డీ తర్వాత చేసే తాత్కాలిక పరిశోధన ఉద్యోగం కోసం, జర్మనీలోని బాన్‌లో ఉన్నప్పుడు ఎన్‌జీసీ 6334 దిగంతానికి అతుక్కునే ఉండేది, మూడు నాలుగు డిగ్రీలు లేస్తే గొప్ప. ఇక్కడ మిద్దె ఎక్కితే 40 డిగ్రీల ఎత్తున తీరిగ్గా ఉంటుంది.

మా మిద్దె మీంచి ఇట్లాంటిదేమైనా కనిపిస్తుందా?

కనిపిస్తుంది. ఫిబ్రవరి మొదటి వారంలో రాత్రి ఎనిమిదింటికి దక్షిణం వైపు తిరిగి తల బాగా ఎత్తండి. మూడు చుక్కలు ఒకే వరసలో ఉంటాయి, అది ఒరాయన్ నడుము. దాని కింద సన్నగా ఇంకో చిన్న వరస, అందులో మధ్యది చుక్కలా కాక మసకగా ఉంటుంది. అదే ఒరాయన్ నెబ్యులా, సుమారు 1,350 కాంతి సంవత్సరాలు. బరువైన నక్షత్రాలు పుట్టే చోట్లలో మనకు అన్నిటికన్నా దగ్గరిది. బైనాక్యులర్‌లో పొగమరకలా, చిన్న టెలిస్కోపు పెడితే మధ్యలో నాలుగు చుక్కలు విడిగా తెలుస్తాయి. ఆ నాలుగిట్లో ప్రకాశవంతమైనది సూర్యుడికి ముప్పై రెట్లకు పైనే. నెబ్యులాను వెలిగిస్తున్నది ముఖ్యంగా అదొక్కటే.

కంటికి కనిపించే ఆ మరక వెనక దుమ్ములో దాక్కుని ఇంకో గుంపు ఉంది, 1967లో ఇన్‌ఫ్రారెడ్‌లో దొరికింది. అక్కడ కొన్ని బరువైన పసినక్షత్రాలు మరీ దగ్గరగా వచ్చి ఒకదాన్నొకటి విసిరికొట్టుకున్నాయి, గ్యాసు వేళ్లలా బయటికి చిమ్మింది. వాటి వేగాలు వెనక్కి లెక్కేస్తే మనకు కనిపించే కాలంలో ఇది సుమారు 500 ఏళ్ల కిందటి మాట. అంటే పెనుకొండ కోటలో శ్రీకృష్ణదేవరాయలు దిగి ఉన్న రోజులు. దుమ్ము అడ్డు లేకపోతే ఏమైనా కనిపించేదేమో, ఎవరూ చూడలేదు.

గండికోటకు వెళ్తే ఇంకా బాగుంటుంది, కానీ ఒక వైపు ఫ్యాక్టరీల వెలుగు ఉంటుంది. లోయ వైపు అంచున నిలబడి పైకి చూస్తూ నడవకండి, దయచేసి.

ఆర్ద్ర నక్షత్రం పేలిపోతుందంట, నిజమేనా?

పేలుతుంది. ఎప్పుడంటే, లక్ష ఏళ్ల లోపు ఎప్పుడైనా. మన ఆర్ద్రనే బీటెల్‌గ్యూజ్ అంటారు. బరువైన నక్షత్రం, చివరి దశలో ఉంది. 2019 చివర్లో బాగా మసకబారితే టీవీలన్నీ హడావుడి చేశాయి. అది తానే ఊదిన పదార్థం చల్లారి దుమ్మై మనకు అడ్డం వచ్చింది, అంతే. 2020 ఫిబ్రవరి తర్వాత మళ్లీ మామూలైంది. పేలినా 500 నుంచి 700 కాంతి సంవత్సరాల దూరం, మనకేమీ కాదు, కొన్ని నెలలు పగలు కూడా కనిపిస్తుంది. జూన్‌లో ఆర్ద్ర కార్తెలో పేలితే మాత్రం సూర్యుడి పక్కనే ఉంటుంది కాబట్టి మనకు సరిగా కనిపించదు. ఆరుద్ర కురిస్తే దారిద్ర్యం లేదన్నారు, పేలితే ఏమవుతుందో ఎవరూ చెప్పలేదు.

జాతకం చూస్తారా?

చూడను. ముహూర్తం కూడా పెట్టను.

డబ్బు కడితే నక్షత్రానికి మా పాప పేరు పెడతారంట?

సర్టిఫికెట్ ఇస్తారు, పేరు ఉండదు. నక్షత్రాల పేర్లు తేల్చేది అంతర్జాతీయ ఖగోళ సమాఖ్య, అది అమ్మదు. ఆ డబ్బుతో ఒక బైనాక్యులర్ కొనండి.

మా పిల్లోడు ఇంటర్ ఎంపీసీ. ఈ దారిలో రావాలంటే ఏం చదవాలి?

ఫిజిక్సు. "ఆస్ట్రానమీ" అని పేరున్న డిగ్రీ కోసం వెతుక్కోనక్కర్లేదు. ఇంటర్ తర్వాత ఐజర్‌లు అనే కేంద్ర ప్రభుత్వ సైన్సు విద్యాసంస్థలకు ఐఏటీ అనే పరీక్ష ఉంది, తిరుపతిలోనే ఒక ఐజర్ ఉంది, అక్కడ నక్షత్రాల పుట్టుక మీద పని చేసేవాళ్లూ ఉన్నారు. తిరువనంతపురంలోని అంతరిక్ష విద్యాసంస్థ ఐఐఎస్‌టీకి జేఈఈ అడ్వాన్స్‌డ్ ర్యాంకు కావాలి. అవి రాకపోతే జీవితం అయిపోయినట్టు కోచింగు సెంటర్లు చెప్తాయి, నమ్మొద్దు. మామూలు బీఎస్సీ, తర్వాత ఎమ్మెస్సీ ఫిజిక్సు, ఆ తర్వాత జెస్ట్ లాంటి పీహెచ్‌డీ ప్రవేశ పరీక్ష రాసి బెంగుళూరు ఐఐఏ, పుణె ఎన్‌సీఆర్‌ఏ, ఐయూకా, ముంబై టీఐఎఫ్‌ఆర్, నైనిటాల్ ఏరీస్, అహ్మదాబాద్ పీఆర్‌ఎల్ లాంటి చోట పీహెచ్‌డీలో చేరొచ్చు. నేను వచ్చింది ఈ దారిలోనే, అనంతపురంలో డిగ్రీ చేసి. ఎమ్మెస్సీకి జామ్ రాసి ఐఐటీకి పోయినా మంచిదే.

ఒక్క మాట: సూత్రాలు బట్టీపట్టి ర్యాంకు తెచ్చుకున్న పిల్లలు జెస్ట్ దగ్గర తడబడటం చాలా చూశాను. లెక్క ఎందుకు అట్లా వచ్చిందో చెప్పగలిగినవాడు, మార్కులు కాస్త తక్కువైనా, ఇంటర్వ్యూలో నెగ్గుకొస్తాడు. డిగ్రీలోనే పైథాన్ మొదలుపెట్టించండి.

తెలుగు మీడియంలో చదివాను, కుదురుతుందా?

కుదురుతుంది. మొదటి ఏడాది సెమినార్లలో టెన్షన్ ఉంటుంది, తర్వాత పోతుంది. పేపర్లు రాసే ఇంగ్లీషు చిన్న వాక్యాల ఇంగ్లీషే.

బీటెక్ అయిపోయింది, ఇప్పుడు రావొచ్చా?

రావొచ్చు. చాలా సంస్థలు బీటెక్ వాళ్లను కూడా జెస్ట్, గేట్ ద్వారా తీసుకుంటాయి. ఈసీఈ వాళ్లకు రేడియో ఆస్ట్రానమీలో పని ఎప్పుడూ ఉంటుంది: రిసీవర్లు, యాంటెన్నాలు, సిగ్నల్ ప్రాసెసింగ్. ఫిజిక్సు మాత్రం మళ్లీ కూర్చుని చదవాలి, తప్పదు.

జీతమెంత?

పెళ్లి సంబంధాలవాళ్లు కూడా ఇదే అడుగుతారు కాబట్టి అంకెలే చెప్తాను. పీహెచ్‌డీలో మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయల ఫెలోషిప్, తర్వాత 42,000, పైన హెచ్‌ఆర్‌ఏ. ఇది 2023 జనవరి నుంచి ఉన్న రేటు. కానీ ప్రతి నెలా ఒకటో తేదీకి పడుతుందని అనుకోవద్దు, కొన్ని చోట్ల నెలల తరబడి ఆగుతుంది. తర్వాత యూనివర్సిటీలో అసిస్టెంట్ ప్రొఫెసర్ అయితే మూలవేతనం 57,700 నుంచి, ఐఐటీ, ఐజర్‌లలో పైగ్రేడు అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు 1,01,500 నుంచి. సాఫ్ట్‌వేరులో మీ మేనల్లుడికి ఇంతకన్నా ఎక్కువే వస్తుంది. నాకు తెలుసు, మా పిన్ని గుర్తుచేస్తూనే ఉంటుంది.

ఉద్యోగం గ్యారంటీనా?

కాదు. ఇది దాచి పిల్లల్ని రమ్మనడం నాకు ఇష్టం లేదు. పీహెచ్‌డీకి ఐదారేళ్లు, ఆ తర్వాత రెండు మూడు చోట్ల పోస్ట్‌డాక్, ఒక్కోటి రెండు మూడేళ్లు, ఎక్కువగా విదేశాల్లో. పర్మనెంట్ ఉద్యోగం వచ్చేసరికి ముప్పై అయిదు దాటడం మామూలే. అందరికీ రాదు. రానివాళ్లు రోడ్డున పడరు. డేటా సైన్సులో, బ్యాంకుల్లో, సాఫ్ట్‌వేరులో కుదురుకుంటారు, ఎందుకంటే గజిబిజి డేటాలోంచి నిజం బయటికి లాగడం పదేళ్లు చేసినవాళ్లకు గిరాకీ ఉంటుంది. అయితే ఇంటి అప్పు తీర్చాల్సిన భారం వెంటనే భుజాన ఉన్నవాళ్లు, ముందే ఇంట్లో కూర్చుని లెక్క వేసుకోండి. మా ఇంట్లో రెండేళ్లు చెనిక్కాయ పంట ఎండిపోయినప్పుడు నా ఫెలోషిప్‌లోంచే ఇంటికి పంపాను. చేయొచ్చు, కానీ సులువు కాదు.

ఆడపిల్లను రాత్రిళ్లు అబ్జర్వేటరీకి పంపించమంటారా?

పంపించండి. గెస్ట్‌హౌసులుంటాయి, జీపు ఉంటుంది, కంట్రోల్ రూములో ఇంకా మనుషులుంటారు. హైదరాబాదులో రాత్రి షిఫ్టుకు క్యాబ్‌లో పంపేవాళ్లు దీనికి వెనకాడటం నాకు అర్థం కాదు. ఇబ్బంది వచ్చేది అబ్జర్వేటరీలో కాదు, ముప్పై ఏళ్లకు ఇంకో దేశంలో పోస్ట్‌డాక్ వచ్చినప్పుడు "ఇంక చాలు, పెళ్లి చేసుకో" అనే దగ్గర. ఆ రోజు ఏమంటారో ఇప్పుడే ఆలోచించుకోండి.

దీనివల్ల మాకేం ఒరుగుతుంది?

నేరుగా మీ బోరులో నీళ్లు పడవు. ఇంత కచ్చితంగా సన్నటి సిగ్నల్ పట్టే రిసీవర్లు, యాంటెన్నాలు మనవాళ్లే మన దేశంలో కట్టడం నేర్చుకున్నారు, అది ఒక లాభం. మిగతాది కుతూహలం. కుతూహలానికి ప్రభుత్వం డబ్బు పెట్టాలా అంటే, పెట్టాలనే నా అభిప్రాయం, మీరు కాదంటే కాసేపు వాదించుకుందాం.

చదువు అయిపోయింది, ఉద్యోగం వేరే. ఇంట్లో కూర్చుని చేయగలిగింది ఉందా?

ఉంది. 2010లో జూనివర్స్ అనే వెబ్‌సైట్‌లో మిల్కీ వే ప్రాజెక్ట్ అని పెట్టారు, స్పిట్జర్ అనే అంతరిక్ష టెలిస్కోపు తీసిన ఇన్‌ఫ్రారెడ్ ఫొటోల్లో గ్యాసు బుడగల్ని గుర్తించమని మామూలు జనాన్ని అడిగారు. వాళ్లు బుడగలు గుర్తిస్తూ, "ఈ పసుపు ఉండలేంది?" అని అడిగారు. ఆ పసుపు ఉండల్ని శాస్త్రవేత్తలు అసలు పట్టించుకోలేదు. చూస్తే అవి చాలావరకు బరువైన నక్షత్రాలు పుట్టే తొలిదశలని తేలింది, 2015లో పేపరు కూడా వచ్చింది. స్పిట్జర్, హెర్షెల్ డేటా అంతా ఉచితం. అలాదిన్ అనే సాఫ్ట్‌వేరు దించుకుని ఎన్‌జీసీ 6334 అని కొట్టి, ఒకసారి మామూలు వెలుగులో, ఒకసారి ఇన్‌ఫ్రారెడ్‌లో చూడండి. ఆ తేడా చూస్తే పైన నేను రాసిందంతా ఐదు నిమిషాల్లో అర్థమవుతుంది.

మా స్కూలుకు వచ్చి మాట్లాడతారా?

వస్తాను, సంక్రాంతి సెలవులకూ ఫిబ్రవరిలోనూ ఊళ్లో ఉంటాను. ప్రొజెక్టరు లేకపోయినా పర్లేదు, మిద్దె మీదికి మెట్లు ఉంటే చాలు. అమావాస్యకు దగ్గర రోజు పెట్టుకోండి, సాయంత్రం ఏడు తర్వాత, ఆవరణలో లైట్లు ఆర్పేయడానికి ఒక మనిషిని ముందే చూసుకోండి. శాలువాలు, మెమెంటోలు వద్దు. ఉగ్గాని బజ్జీ పెడితే వద్దనను.